రాత్రివేళ పిక్కలు పట్టుట



మన పత్రికలో శిశుపోషణమును గూర్చియు, పథ్యపానములను గూర్చియు విదుషీమణులు వ్రాయుచునే యున్నారు. మేమీ మాసమున వ్రాయబూనినది మిగుల స్వల్పవిషయము. దీనివలన ప్రాణాపాయము లేదు. పగటివేళ దీనిని తలచువారే యుండరు. కాని నడిరేయి గాఢనిద్రలో నుండగా పిక్కలోని కండ ఒక్కపెట్టున ఱాయివలె బిగిసి, కెవ్వున కేకవేయించునట్టి బాధ కలిగినపుడు దీనిని స్వల్పమని యెవ్వరును అనజాలరు. ఈ విషయమున మావలన నొక తప్పు జరిగినది. దానిని దాచుకొని ఉపాయములు మాత్రము బోధించుట న్యాయము కాదని తోచి, ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము.

ముందుగా ఈ బాధ పేరును గూర్చి. మన యిండ్లలో కాలికి ఏమి వచ్చినను "తిమ్మిరి" యనియో, "నరము పట్టినది" అనియో చెప్పుకొందుము. కాలు ముడుచుకొని చాలసేపు కూర్చుండి లేచినపుడు చీమలు ప్రాకినట్లుండునది తిమ్మిరి. అది వేఱు. పిక్క పట్టుటలో పట్టునది నరము కాదు, కండ. చేతితో తాకి చూచినచో గుండ్రాయివలె గట్టిగ తగులును. కొన్ని క్షణములు మొదలు కొన్ని నిమిషముల వఱకు ఉండి వదలును. వదలిన పిదప మఱునాటి వఱకు సలుపు నిలుచుటయు కలదు. మా తండ్రిగారు మాకు బాల్యమున అమరము వల్లె వేయించిరి. తరువాత వారి పుస్తకముల పెట్టెలోని చరకసంహితను అర్థమైనంత వఱకు చదువుకొంటిమి. అందు సూత్రస్థానమున వాతమువలన కలుగు 80 వ్యాధులను లెక్కించినచోట "పిండికోద్వేష్టనము" అను పేరు కలదు. పిండిక యనగా పిక్క; ఉద్వేష్టనమనగా మెలిపెట్టి చుట్టుకొనుట. ఆనాడు ఆ పేరును కంఠస్థము చేసితిమే కాని, దానిని పెట్టినవానికి కూడ ఏదో యొక రాత్రి పిక్క పట్టియే యుండునని తోచలేదు.

ఆ సంగతి మాకు తెలిసివచ్చినది మా రెండవ కాన్పునకు ముందు, ఎనిమిదవ నెలలో. మా వారు కోనసీమలోని యొక గ్రామమున ఉపాధ్యాయులు. ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ మాకు కుడిపిక్క పట్టినది. కేక వేసి, కాలు కడుపులోనికి ముడుచుకొనబోతిమి. ఆ కడుపే అడ్డము. మా వారు దీపము వేసి, మంచినీళ్ళ చెంబు తెచ్చి, పిదప ఏమి చేయవలయునో తోచక చెంబు పట్టుకొని నిలుచుండిరి. పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పు మనుష్యులు! ఇంతలో మా అత్తగారు వచ్చి, "నువ్వు తప్పుకో నాయనా" అని కుమారుని ప్రక్కకు నెట్టి, ఒక చేయి మా మోకాలిపై నుంచి కాలు చాపించి, రెండవ చేతితో పాదపు వ్రేళ్ళను పట్టి మోకాటివైపునకు మెల్లమెల్లగ వంచిరి. "కాలు గుంజుకోకు అమ్మాయీ! మడమతో నన్ను తన్ను, తప్పు లేదు" అనిరి. అత్తగారిని తన్నుమన్న అత్తగారిని మేమెక్కడను చూడలేదు. తన్నితిమి. నిమిషములో పిక్క వదలినది.

ఇందలి యుక్తి తెలిసికొనదగినది. మనము పండుకొనినపుడు పాదము తనంతట తానే క్రిందికి వ్రాలును. బోర్లగిల పండుకొన్నను, బరువైన దుప్పటిని పాదములపై బిగించుకొన్నను మఱింత వ్రాలును. అప్పుడు పిక్కలోని కండ అదివఱకే కుఱుచయై యుండును. అట్టి కండకు నాడి అకారణముగ ఆజ్ఞ మీద ఆజ్ఞ పంపినచో, అది యింకను ముడుచుకొనజూచి, చోటు లేక బిగిసిపోవును. పాదమును పైకి వంచినచో కండ సాగును. సాగుటచే నాడి యొక్క ఉద్రేకము చల్లారును. కావున వ్రేళ్ళను క్రిందికి చాపుట పనికిరాదు, పైకి వంచవలయును. పండుకొని చేసికొనలేనివారు లేచి నేలపై మడమ గట్టిగ ఆనించి నిలుచున్నను ఇదే ఫలము. అయితే వృద్ధులు చీకటిలో దిగ్గున లేచి పడిపోవుదురు; మంచపుకోడునో గోడనో పట్టుకొనియే లేవవలయును. వదలిన తరువాత పిక్కను అరచేతితో రాచి, వెచ్చని నీటితోనో, వేడిచేసిన ఇసుకమూటతోనో కాపడము పెట్టినచో సలుపు తగ్గును.

నాడి యట్లు తప్పుటాజ్ఞలు ఎందులకు పంపునో వైద్యులు పూర్తిగ తేల్చలేదు. గర్భిణులకు చివరి మూడునెలలయందు ఇది మిక్కుటము. ఏబది దాటినవారిలో వయసుతోపాటు హెచ్చును. దినమంతయు నిలుచుండి పనిచేసినను, అలవాటు లేని నడక నడచినను ఆ రాత్రి రావచ్చును. చాలమందిలో కారణము కనబడనే కనబడదు.

మా కాన్పయిన పిదప మాకా బాధ తొలగినది. అది జరిగి ఎనిమిదేండ్లయినది. ఇప్పుడు మా అత్తగారికి 68 ఏండ్లు. నిరుడు వేసవి మొదలు ఆ పిక్కపట్టు వారిని పట్టుకొనినది.

వారు పిలువరు. అది వారి స్వభావము. వసారాలోని మంచముమీదినుండి, పండ్లు బిగబట్టినపుడు వెలువడు మూలుగు మాత్రము వినవచ్చును. మొదట మేము లేచి వెళ్ళి, మాకు వారు చేసినట్లే చేయుచుంటిమి. వారమునకు రెండు మారులు, మూడు మారులు. తరువాత ఇంచుమించు ప్రతిరాత్రియు. మేము తెల్లవారుజామున అయిదింటికి లేవవలయును. ఏడింటిలోపల మూడు భోజనపు డబ్బాలు కట్టవలయును. ఒక రాత్రి మూలుగు వినియు, వినని వారివలె కన్నులు మూసికొని పండుకొంటిమి. పదినిమిషములకు అది ఆగినది. ఉదయమున వారు కాఫీ గ్లాసు అందుకొనుచు, "రాత్రి నీకు బాగా నిద్ర పట్టిందా అమ్మాయీ?" అని యడిగిరి. పట్టినదంటిమి.

ఆ దినములలోనే బంధువొకరు నగరమునుండి చుట్టపుచూపుగ వచ్చి, వెనుక తమ యింట పెద్దవారికి పిక్కలు పట్టినపుడు క్వినైను మాత్రతో కట్టినదనియు, మలేరియా జ్వరమునకై కొన్నవి కొన్ని మిగిలియున్నవనియు చెప్పి, తరువాత పంపిరి. రాత్రి కొక్కటి చొప్పున ఇమ్మనిరి. వైద్యుని యడుగవలదా యని మనసు ఒకమారు హెచ్చరించినది. నిద్ర మఱియొకమారు హెచ్చరించినది. రెండవదే గెలిచినది. మాత్రయు మంచినీళ్ళును మా చేతితోనే ఇచ్చితిమి.

మూడవ రాత్రి మూలుగు లేదు. నాలుగవ రాత్రియు లేదు. మేమెంత గర్వించితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆరవనాటి యుదయమున వారు మంచము దిగబోయి, తల తిరిగి కూలబడిరి. "చెవుల్లో గోదావరి వరద హోరుగా ఉందే, నీ మాట వినబడటం లేదు" అనిరి. ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచటి వైద్యురాలు మాత్రల అట్టను త్రిప్పి చూచి, "ఇది ఎవరు ఇచ్చారు?" అని యడిగిరి. మేము నోరు తెఱచులోపల అత్తగారే, "నేనే కావాలని తెప్పించుకున్నానమ్మా" అనిరి. మా మాట వినబడని వారికి ఆ ప్రశ్న ఎట్లు వినబడెనో మాకు నేటికిని తెలియదు.

క్వినైను సింకోనా చెట్టు బెరడునుండి తీయు మందు. 19వ శతాబ్దమున ఆ చెట్లను నీలగిరి కొండలపై నాటి పెంచిరి. మలేరియానుండి అది కాచిన ప్రాణములు అసంఖ్యాకములు. పిక్కపట్టును కొంత తగ్గించుటయు నిజమే. అందుచేతనే అది ఆశపెట్టును. కాని కొందఱిలో రక్తము గడ్డకట్టుటకు కావలసిన సూక్ష్మకణములను నశింపజేయును. గుండె యొక్క లయను తప్పించును. చెవిలోని హోరు ఒక హెచ్చరిక మాత్రమే. అమెరికా దేశపు ఔషధ నియంత్రణ సంస్థవారు 2006లోను, మఱల 2010లోను పిక్కపట్టునకు దీనిని వాడుట తగదని ప్రకటించిరి. మా అత్తగారికి మందు మానిన నాలుగు దినములకు హోరు తగ్గినది. రక్తపరీక్షలో దోషమేమియు కనబడలేదు. అది మా తెలివి కాదు, అదృష్టము.

ఆ వైద్యురాలు చేసిన పని యొకటి మాకు మిక్కిలి నచ్చినది. వారు వాడు మందులన్నిటిని సంచితోసహా తెప్పించి బల్లపై పోయించి, ఒక్కొక్కటి చేతబట్టి ఎప్పటినుండి, ఏ వేళ అని యడిగిరి. నిరుడు చైత్రమున రక్తపుపోటునకై మొదలుపెట్టిన మాత్రలలో నొకటి, ఒంటిలోని నీటిని, లవణములను మూత్రముగ వెడలగొట్టునది. పిక్కలు పట్టుట ఆ పిమ్మటనే కదా మొదలైనది! మేమొక్కనాడైనను ఈ రెండిటిని జతపఱచి చూడలేదు. మఱియొక సంగతి కూడ అచటనే బయటపడినది. రాత్రివేళ దొడ్డివైపునకు లేవవలసివచ్చునని, మమ్ము లేపవలసివచ్చునని, అత్తగారు సాయంకాలము నాలుగు గంటలనుండి గ్రుక్కెడు నీరు త్రాగుట మానిరట. ఒకే యింట నుండి, ఒకే కుండలోని నీరు త్రాగుచు మేమది కనిపెట్టలేకపోతిమి.

వైద్యురాలు ఆ మాత్రను మార్చి మఱియొక దాని నిచ్చిరి. ఇట్టి మార్పు వైద్యులు చేయవలసినదే కాని మనము చేయదగినది కాదు. పోటుమందు తటాలున మానుట పిక్కపట్టుకంటె ఎంతయో ప్రమాదకరము. కొలెస్టరాలునకు వాడు స్టాటిను మాత్రలవలనను, ఉబ్బసమునకు పీల్చు కొన్ని మందులవలనను కూడ కొందఱికి ఈ బాధ కలుగునట. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి, థైరాయిడు లోపము గలవారిలోను ఇది హెచ్చుగ కనబడును. మందుల సంచి వెంటబెట్టుకొని ఒకమారు వైద్యుని చూచుటకు ఇంతకన్న కారణము అక్కఱలేదు.

ఉప్పును గూర్చియు చెప్పవలయును. బొగ్గుగనుల వేడిలో చెమటోడ్చువారు ఉప్పు కోల్పోయి, వట్టి నీరు మాత్రము త్రాగుటచే వారి కండలు పట్టుచున్నవని ఇంగ్లాండులో 1923లో వెల్లడించిరి; నీటిలో ఉప్పు కలిపి యిచ్చుట దానికి మందు. మన తరవాణికుండయు, ఉప్పువేసిన పలుచని మజ్జిగయు ఆ పనిని అంతకు ఎంతయో ముందునుండి చేయుచున్నవి. ఎండలో నాట్లు వేయు స్త్రీలకు, వేసవిలో పొయ్యి యెదుట గంటలకొలది నిలుచువారికి ఇది మేలు. పోటు గలవారికి, మూత్రపిండములు చెడినవారికి మాత్రము ఉప్పు హెచ్చించుట తగదు. మా అత్తగారికి వైద్యురాలు ఉప్పు పెంచలేదు; పగటివేళ నీరు చక్కగ త్రాగి, చీకటిపడిన తరువాత కొంచెము తగ్గింపుమనిరి.

ఇక నిజమైన చికిత్స. దీనికి కాసు ఖర్చు లేదు. గోడకు చేతిబారెడు దూరమున నిలిచి, రెండు అరచేతులు గోడకు ఆనించి, మోకాళ్ళు వంచక, మడమలు నేలనుండి లేవనీయక, ఒడలంతయు గోడవైపునకు వంచవలయును. పిక్కలో కండ సాగుచున్నట్లు తెలియును. నొప్పి మాత్రము పుట్టరాదు. 10 అంకెలు లెక్కించునంతసేపు నిలిచి, విడిచి, ఇట్లు మూడుమారులు చేయవలయును. తరువాత మంచముపై కూర్చుండి కాలు చాపి, పాదపు వ్రేళ్ళను మనవైపునకు వంచి తొడ వెనుక కండను కూడ సాగదీయవలయును. ఇది పండుకొనబోవుటకు ముందే చేయవలసినది. 2012లో నెదర్లాండ్సు దేశమున 55 ఏండ్లు దాటిన 80 మందిని రెండు పాళ్ళు చేసి, ఒక పాలివారిచే ఆఱువారములు ప్రతిరాత్రి ఇట్టి సాధన చేయించి చూడగా, వారికి పిక్కలు పట్టుట తక్కినవారికంటె బాగుగ తగ్గినది. అంతకు ముందు 2005లో ఇంగ్లాండులో చేసిన యొక పరిశోధనలో ఫలము కనబడలేదనుటయు మేము దాచము. చెడుపు లేనిది, వెల లేనిది కావున చేసి చూచుటయే యుక్తమని మా యభిప్రాయము. వెనుకటివారు గొంతుకూర్చుండి తుడిచి, రుబ్బి, కడిగిన దినములలో పిక్కలు దినమునకు నూఱుమారులు సాగుచుండెననియు, కుర్చీలు, బల్లలు వచ్చిన పిదప అవి కుఱుచవారుచున్నవనియు కొందఱు వైద్యులు ఊహించిరి. అది ఊహయే. కాని మా అత్తగారు దానిని విని చాల సంతసించిరి!

నూనె మర్దనమును, కాపడమును చరకాదులు వాతవ్యాధులకు ముందుగా చెప్పిరి. రాత్రి భోజనమైన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెను పిక్కలకు పట్టించి, వావిలాకులు మరగించిన నీటితో కాళ్ళు కడుగుట మా యింటి వాడుక. ఇది పిక్కపట్టును ఆపునని మేము ప్రమాణము చేయలేము. అలసట తీరును, నిద్ర తొందరగ పట్టును. ముదుసలి కాలిని ఇంటిలోని వారొకరు పావుగంట సేపు చేతబట్టుకొని కూర్చుందురు. మెగ్నీషియము మాత్రలను గూర్చి పలువురు చెప్పుదురు. 2020లో కాక్రేన్ సంస్థవారు పరిశోధనలన్నిటిని సమకూర్చి చూచి, పెద్దవయసువారికి దానివలన చెప్పుకొనదగిన మేలు కలుగుట సందేహమే యనిరి. గర్భిణుల విషయమున ఫలితములు ఒకదానితో నొకటి పొసగలేదు. 2024లో చైనాలో కె2 విటమినుతో 65 దాటినవారికి గుణము కనబడినదని ప్రకటించిరి. మఱికొందఱు పరీక్షించి చూచువఱకు ఓపిక పట్టుట మంచిది. రక్తము పలుచబఱచు మందు వాడువారు వైద్యుని యడుగక దానిని తాకనే రాదు. అరటిపండు తినుమని మా పొరుగింటివారు చెప్పగా ఒక నెల చక్రకేళి గెలలు వరుసగ తెప్పించితిమి. చక్రకేళి మంచిదే. అది పిల్లలకు పనికివచ్చినది.

కొన్ని నొప్పులు పిక్కపట్టువలె కనబడి మోసగించును. ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చబడి, ఎఱ్ఱనై, నొప్పి వదలక యుండినచో అది సిరలో రక్తము గడ్డకట్టుట కావచ్చును. దానిని రాచరాదు, పిసుకరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలయును. గర్భిణులు, బాలింతలు దీనిని విశేషించి మఱువరాదు. నడచునపుడు పిక్క నొచ్చి, నిలిచినచో తగ్గుచుండుట ధమనులు సన్నబడినందులకు గుర్తు. మఱియు పండుకొనగానే కాళ్ళలో ఏదో ప్రాకినట్లయి, కదపకుండ ఉండలేక, లేచి తిరిగినచో నెమ్మదించుట వేఱొక వ్యాధి. దానికి తఱచుగ రక్తములో ఇనుము తక్కువగుట కారణము. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇంటిల్లిపాది తిన్న తరువాత మిగిలినది తినువారము మనమే కదా! మేమును ఆ పరీక్ష చేయించుకొంటిమి. ఆ 57 మందిలో మేమొకరము.

మాత్ర మారిన తరువాత, గోడసాధన మొదలైన తరువాత మా అత్తగారికి పిక్క పట్టుట నెలకు రెండు మూడు మారులకు దిగినది. పూర్తిగ పోలేదు. రాత్రి తొమ్మిదింటికి వారును మేమును గోడకు చేతులానించి ప్రక్కప్రక్కన నిలుచుందుము. మా చిన్నది ఇద్దఱి నడుమ దూరి పది వఱకు గట్టిగ లెక్కపెట్టును, ఎనిమిది తరువాత తొమ్మిదిని తఱచుగ మఱచిపోవును. మంచము ప్రక్క చేతికఱ్ఱ యుంచి, బాధ కలిగినపుడు గోడకు తట్టుడని మేము అత్తగారిని బ్రతిమాలితిమి. సరేయనిరి కాని మూడునెలలు తట్టలేదు. పోయిన మంగళవారము రాత్రి రెండు గంటలకు గోడ మీద టకటక చప్పుడైనది. పరుగున వెళ్ళి చూడగా వారప్పటికే లేచి, మడమ ఆనించి, గోడ పట్టుకొని నిలిచియున్నారు. "నేను పిలవలేదమ్మాయీ, లేస్తుంటే కర్ర తగిలింది" అనిరి. మేము వారి కాలు ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి.